అమెరికా విశ్వవిద్యాలయములు – వీసా తరగతులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు పూర్తి చేసికొన్న శుభసమయమున నన్ను పిలిచి నాలుగు మాటలు చెప్పుమనుట నాకు గౌరవము. సాహిత్యమును గూర్చి ప్రసంగింపదగిన పెద్దలు ఈ వేదికపైననే ఉన్నారు. కాని కార్యదర్శిగారు నాతో, "మీరు అక్కడి విశ్వవిద్యాలయములో విదేశీ విద్యార్థుల కార్యాలయమున చిరకాలము పనిచేసితిరి గదా, ఆ వీసాల సంగతి చెప్పుడు" అనిరి. రజతోత్సవ సభలో వీసాలను గూర్చి ఉపన్యాసమా యని మొదట సంకోచించితిని. నిన్న సాయంకాలము చెరువుగట్టున నడచుచుండగా ఒక తల్లి నన్ను ఆపి, "బాబాయ్, మావాడు ఎఫ్-వన్ మీద ఉన్నాడు. హెచ్-వన్ ఎప్పుడొస్తుంది?" అని అడిగినది. ప్యాసింజరు బండి వెనుక ఎక్స్‌ప్రెసు బండి వచ్చినట్లు, ఒకదాని వెనుక ఒకటి తప్పక వచ్చునని ఆమె నమ్మకము. నా సంకోచము అంతటితో తీరినది.

2023–24 విద్యాసంవత్సరమున అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉండిరి. ఆ సంవత్సరము మన దేశము చైనాను దాటి మొదటి స్థానమునకు వచ్చినది. వారిలో తెలుగువారి పాలు చాల పెద్దదని ఈ సభలోని బెంచీలను చూచినచో తెలియును. 2008లో హైదరాబాదున అమెరికా కాన్సులేటు బేగంపేటలోని పైగా ప్యాలెసులో వెలసినది. 2023లో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనమునకు మారినది. అంతకు పూర్వము మన పిల్లలు చెన్నపట్టణమునకు పోయి బారులు తీరవలసి వచ్చెడిది.

ముందుగా ఈ అక్షరముల సంగతి. ఎఫ్ అనగా ఏదో ఆంగ్లపదమునకు తొలి అక్షరమనియు, హెచ్ అనగా హైటెక్కు అనియు చెప్పువారిని నేను చూచితిని. అది ఏమియు కాదు. 1952లో అమెరికా ప్రభుత్వము ఒక వలస చట్టము చేసినది. అందులో తాత్కాలికముగా వచ్చువారిని వరుసగా పేరాలు వ్రాసి విభజించిరి. 'ఎ' పేరాలో రాయబారులు, 'బి'లో సందర్శకులు, 'సి'లో దారిన పోవువారు, 'డి'లో ఓడల సిబ్బంది, 'ఇ'లో ఒడంబడికల వర్తకులు. ఆ వరుసలో విద్యార్థుల వంతు 'ఎఫ్'. తాత్కాలికముగా పనిచేయ వచ్చువారి వంతు 'హెచ్'. 1961లో విద్యా సాంస్కృతిక వినిమయమునకై 'జె' చేర్చిరి. ఆ పిమ్మట వచ్చినవి 'ఎం', 'ఓ' మొదలైనవి. మన ఊరిలో సర్వే నంబరు 112లో ఒకటవ భాగము, అందులో 'బి' ముక్క అని వ్రాసికొందుమే, హెచ్-1బి అనునది సరిగా అట్టిదే. 'హెచ్' పేరాలో ఒకటవ ఉపభాగములోని 'బి' అంశము. దానిలో మహిమ లేదు. పొలము పాసుపుస్తకమును చదువగలవారు దీనిని కూడ చదువగలరు.

రెండవది, అన్నిటికంటె ముఖ్యమైనది, వీసాకును స్థితికిని గల భేదము. పాస్‌పోర్టులో అంటించెడి వీసా ద్వారము వద్ద చూపుటకు మాత్రమే. దానిపై వ్రాసిన తేది లోపల ద్వారము వద్దకు పోయి లోనికి రానిమ్మని అడుగవచ్చునని దాని అర్థము. లోపల ఎంతకాలము ఉండవచ్చునో నిర్ణయించునది అది కాదు. విమానాశ్రయమున అధికారి నమోదు చేసెడి ఐ-94 అను పత్రము, విశ్వవిద్యాలయము ఇచ్చెడి ఐ-20 పత్రము, చదువు సక్రమముగా సాగుచుండుట, ఇవి నిర్ణయించును. దశాబ్దముల పాటు విద్యార్థుల ఐ-94లో తేది వేయక, "చదువు సాగునంత కాలము" అను అర్థము వచ్చు రెండు అక్షరములు వ్రాయుచు వచ్చిరి. 2025 ఆగస్టులో ఆ పద్ధతిని తీసివేసి నాలుగేండ్లకు మించని నిర్ణీత గడువు పెట్టవలెనని అక్కడి ప్రభుత్వము ప్రతిపాదించినది. ఏ పద్ధతి నడచుచున్నను, మీ పిల్లవాని ఐ-94లో ఏమున్నదో అదియే చూడవలసినది.

ఈ భేదము తెలియక నాకు జరిగినది చెప్పెదను. నేను అచ్చట చదువుకొనుచున్న నాలుగవ ఏట, నా పాస్‌పోర్టులోని వీసా గడువు తీరినది. ఆ ముద్రను చూచుకొని, ఇక నేను ఆ దేశములో దొంగవలె ఉన్నానని తలచితిని. ఎవరినైన అడిగిన పట్టి పంపివేయుదురని భయము. నలుగురము ఒక గదిలో ఉండెడివారము. వారిలో ఒకడు, "ఎవరితోనూ అనకు, చదువు అయ్యేదాకా కదలకు" అని సలహా చెప్పెను. వానికిని నాకు తెలిసినంతయే తెలియును. ఆరు నెలలకు మా అమ్మకు జబ్బు చేసినదని కబురు వచ్చినది. కదలలేదు. మరి పదునెనిమిది దినములకు రెండవ కబురు వచ్చినది. ఇచ్చట నా తమ్ముడు కర్మ చేసెను.

ఆ తరువాత నెలలో మరియొక పనిమీద విదేశీ విద్యార్థుల కార్యాలయమునకు పోయితిని. బల్ల వెనుక కూర్చున్న ముసలమ్మ నా కాగితములు త్రిప్పి చూచి, "నీ స్థితి సలక్షణముగా ఉన్నది. ఈ ముద్ర తీరిన నష్టమేమి? స్వదేశము పోవలెనన్న ఐ-20 మీద ప్రయాణమునకు సంతకము చేయించుకొని, అక్కడ క్రొత్త వీసా తీసికొని రావచ్చును" అని చెప్పినది. క్రొత్త వీసా నాకు ఇచ్చెడివారో లేదో నేను చెప్పజాలను. ఇయ్యకపోయినచో చదువు సగములో ఆగెడిది. కాని ఆ సంగతి తెలిసియుండిన, పోవుటయో మానుటయో నేను నిశ్చయించుకొని యుందును. తెలియక మానితిని. ఆ కాగితము నాలుగేండ్లు నా పెట్టెలోనే ఉన్నది. వెనుకవైపున చిన్న అక్షరములలో ఇదంతయు వ్రాసియే ఉన్నది. తరువాత ఆ కార్యాలయములోనే ఉద్యోగము ఖాళీ యైనప్పుడు నేను ఎందులకు దరఖాస్తు పెట్టితినో మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక తరగతుల విషయము. మన పిల్లలలో అత్యధికులు పోవునది ఎఫ్-1 మీద. విశ్వవిద్యాలయము ఐ-20 ఇచ్చును. ఆ పత్రము 'సెవిస్' అను కేంద్ర లెక్కలో నమోదగును. 2003 నుండి ప్రతి విద్యార్థి పేరును ఈ లెక్కలో ఉన్నది. తరగతులలో చేరెనా, పూర్తి సంఖ్యలో పాఠములు తీసికొనెనా, ఎక్కడ నివసించుచున్నాడు, అన్నియు విశ్వవిద్యాలయము వ్రాయవలసినదే. ఇల్లు మారినచో పది దినములలో తెలుపవలెను. అనుమతి లేకుండ పాఠములు తగ్గించుకొన్నచో స్థితి పోవును. పుస్తకములో మార్కు తగ్గుట వేరు, స్థితి పోవుట వేరు. రెండవదానికి సప్లిమెంటరీ పరీక్ష లేదు.

పని విషయము తల్లిదండ్రులు శ్రద్ధగా వినవలెను. ఎఫ్-1 విద్యార్థి చదువు సాగునపుడు విశ్వవిద్యాలయ ఆవరణలో వారమునకు 20 గంటలకు మించకుండ పనిచేయవచ్చును. గ్రంథాలయములో పుస్తకములు సర్దుట, భోజనశాలలో గిన్నెలు కడుగుట, ఆచార్యునికి సహాయకుడుగా ఉండుట, ఇవన్నియు అందులోనివే. నేను మొదట చేసినది గిన్నెలు కడుగుటయే, సిగ్గుపడవలసినది కాదు. ఆవరణ దాటి పెట్రోలు బంకులోనో, మనవారి హోటలులోనో రొక్కమునకు పనిచేయుట మాత్రము చట్టవిరుద్ధము. ఇచ్చట అప్పు తీర్చుమని తండ్రి తొందరపెట్టుటచేత అట్టి పనికి పోయిన పిల్లలు ఎందరో నా బల్ల ముందు కూర్చుండి ఏడ్చిరి. నెలకు ఇంత పంపుమని మీరు వ్రాయుటకు ముందు, వారమునకు 20 గంటల పనిలో ఎంత మిగులునో లెక్క చూడుడు. అద్దెకే చాలదు.

చదువులో భాగముగా చేయు శిక్షణకు సి.పి.టి. అని పేరు; చదువు ముగిసిన పిదప 12 నెలలు తన విద్యకు సంబంధించిన ఉద్యోగము చేయుటకు ఓ.పి.టి. అని పేరు. శాస్త్ర, సాంకేతిక, ఇంజనీరింగు, గణిత విద్యలు చదివినవారికి 2016 నాటి నియమముచే మరి 24 నెలలు పొడిగింపు ఏర్పడినది. ఆ మొదటి 12 నెలలలో మొత్తము 90 దినములకు మించి ఉద్యోగము లేకుండ ఉండరాదు. అన్నిటికంటె విచిత్రమైన నియమము ఒకటి కలదు. సి.పి.టి.ని పూర్తికాలపు పనిగా 12 నెలలు చేసినవానికి ఆ పట్టా మీద ఓ.పి.టి. రాదు. "మొదటి దినము నుండి పని" అని ప్రకటించు కళాశాలలు ఈ సంగతి పెద్ద అక్షరములలో వేయవు.

కళాశాలల మాట వచ్చినది గనుక రెండు సంఘటనలు చెప్పక తప్పదు. కాలిఫోర్నియాలో ప్లెజంటన్ అను ఊర ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయమని ఒకటి నడచినది. 2011 జనవరిలో ప్రభుత్వ అధికారులు దానిని మూయించిరి. విద్యార్థులలో అత్యధికులు మన దేశమువారు, వారిలో అనేకులు మన తెలుగువారు. సగమునకు పైగా విద్యార్థులు ఒకే అపార్టుమెంటులో నివసించుచున్నట్లు లెక్కలలో వ్రాసి ఉన్నది! కొందరి కాళ్ళకు వారి జాడ తెలియుటకై రేడియో కడియములు తగిలించిరి. ఆ ఫొటోలు మన పత్రికలలో పడిన ఉదయము ఎన్ని ఇండ్లలో పొయ్యి వెలుగలేదో! దాని యజమానురాలికి 2014లో పదునారు సంవత్సరములకు మించిన జైలుశిక్ష పడినది. కాని విద్యార్థుల సంవత్సరములు తిరిగి రాలేదు.

రెండవది మిషిగన్ రాష్ట్రములోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము. దానిలో తరగతులు లేవు, ఉపాధ్యాయులు లేరు. దానిని నడపినది ప్రభుత్వపు రహస్య అధికారులే. 2019 జనవరిలో వల లాగిరి. చిక్కినవారిలో దాదాపు అందరును భారతీయులు. ప్రభుత్వమే వల పన్నుట న్యాయమా అని నన్ను అడుగుదురు. ఆ సంస్థ పేరు ప్రభుత్వము గుర్తించిన విద్యాలయముల పట్టికలో కూడ ఉన్నది గనుక, విద్యార్థులను పూర్తిగా తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. అయినను తరగతి లేని చోట రుసుము కట్టుచున్నామని ప్రతి విద్యార్థికి తెలిసియే ఉండవలెను. పట్టికలో పేరున్నంత మాత్రమున చాలదు. ఏ వారము, ఏ గదిలో, ఏ ఆచార్యుడు పాఠము చెప్పునో అడుగుడు. ఇచ్చటి బడిలో చేర్చునపుడు అడుగుదుము గదా!

జె-1 అనునది వినిమయ సందర్శకులది. పరిశోధకులు, ఆచార్యులు, ఉపకారవేతనముపై వచ్చిన విద్యార్థులు దీని క్రిందికి వత్తురు. పరిశోధకునకు అయిదేండ్ల వరకు గడువు ఉండును. దీనిలోని మెలిక ఏమనగా, కొందరు చదువు ముగియగానే స్వదేశములో రెండు సంవత్సరములు నివసించిన గాని హెచ్ వీసాకు గాని, స్థిరనివాసమునకు గాని అర్హులు కారు. ఆ దేశపు నైపుణ్యము ఆ దేశమునకే చేరవలెనని దీని ఉద్దేశము. ఎవరి ప్రభుత్వము ధనమిచ్చి పంపినదో వారికిని, వైద్యశిక్షణకు వచ్చినవారికిని ఈ నియమము అంటును. మూడవది, ఏ దేశమునకు ఏ విద్య అవసరమో తెలుపు ఒక పట్టిక. 2024 డిసెంబరులో సవరించిన ఆ పట్టిక నుండి మన దేశమును తొలగించిరి. పాత పుస్తకములు చూచి భయపడుచున్న వారెవరైన ఉన్నచో ఈ మాట వారికి చెప్పుడు. తొలి రెండు కారణములు మాత్రము అట్లే ఉన్నవి.

వృత్తివిద్యలకు ఎం-1 కలదు. మనవారు పోవుట అరుదు. ఇచ్చటి ఆచార్యుడు నాలుగు ఉపన్యాసములిచ్చుటకు బి-1 మీద పోవచ్చును. ఒక్కొక్క సంస్థలో తొమ్మిది దినములకు మించకుండ, ఆరు నెలలలో అయిదు సంస్థలకు మించకుండ గౌరవ పారితోషికము తీసికొనవచ్చును. అసాధారణ ప్రతిభావంతులకు ఓ-1 కలదు. కెనడా, మెక్సికోల వారికి టి.ఎన్., ఆస్ట్రేలియావారికి ఇ-3 అని వేరు వేరు దారులు కలవు. అవి మనకు పనికిరావు.

హెచ్-1బి మన ఊరిలో వీసా పేరు కాదు, వరుని యోగ్యతాపత్రము. నిజమునకు అది ఉద్యోగి అడుగునది కాదు, యజమాని అడుగునది. ఈ పనికి పట్టభద్రుడు అవసరమనియు, ఆ ప్రాంతమున అట్టి పనికి చెల్లు జీతమునకు తగ్గింపననియు యజమాని వ్రాసి ఇయ్యవలెను. మొదట మూడేండ్లు, పిదప మూడేండ్లు, వెరసి ఆరు. స్థిరనివాసపు దరఖాస్తు నడచుచున్నచో పొడిగింపు. సంవత్సరమునకు 65,000, అమెరికాలో మాస్టర్సు పట్టా పొందినవారికి మరి 20,000. అంతకు మించి దరఖాస్తులు వచ్చిన ఎన్నో ఏండ్లు చీటీలు తీసినట్లే ఎంపిక చేసిరి. చెరువుగట్టున అడిగిన ఆ తల్లికి నేను చెప్పిన సమాధానము ఇదియే. ఎఫ్-1 వెనుక హెచ్-1బి తప్పక వచ్చునన్న నియమము ఏ పేరాలోను లేదు.

విశ్వవిద్యాలయములకు మాత్రము 2000 నాటి చట్టముచే ఈ సంఖ్యా నియమము లేదు. ఆచార్యుని, పరిశోధకుని ఏ నెలలోనైన తీసికొనవచ్చును. కాని ఆ సదుపాయము ఉద్యోగిది కాదు, ఆ సంస్థది. విశ్వవిద్యాలయము విడిచి కంపెనీకి పోవలెనన్న, మరల ఆ 65,000ల వరుసలో నిలువవలసినదే. ఇది తెలియక ఇల్లు కొనినవారిని నేనెరుగుదును. 2025 సెప్టెంబరు 21 నుండి 12 నెలల పాటు, దేశము వెలుపల ఉన్నవారికై వేయు క్రొత్త దరఖాస్తులకు లక్ష డాలర్లు చెల్లింపవలెనని అధ్యక్షుని ప్రకటన వెలువడినది. ఒక్క రాత్రిలో ఇట్టివి మారును. కనుక ఏ ఏజెంటు మాటయు, నా మాటయు కూడ తేది చూడక నమ్మవలదు.

పెండ్లి సంబంధములు చూచు తలిదండ్రులకు ఒక మాట. వరుడు ఎఫ్-1లో ఉన్నచో భార్య ఎఫ్-2. ఆమె ఉద్యోగము చేయరాదు. 2015 నుండి పూర్తికాలము గాకుండ చదువుకొనవచ్చును. జె-1 వాని భార్య జె-2. ఆమె అనుమతి కోరి ఉద్యోగము చేయవచ్చును. హెచ్-1బి వాని భార్య హెచ్-4. భర్తయొక్క స్థిరనివాసపు అర్జీ ఒక మెట్టు దాటిన గాని ఆమెకు పని అనుమతి లేదు, అదియు 2015లో వచ్చినదే. ఇచ్చట ఎం.టెక్. చదివి, రెండేండ్లు ఉద్యోగము చేసిన ఆడపిల్ల, అచ్చట నాలుగు గోడల మధ్య కిటికీలో మంచు చూచుచు కూర్చుండుట నేను అనేక గృహములలో చూచితిని. "అబ్బాయి ఏ వీసా?" అని అడుగుట తప్పు కాదు. "మా అమ్మాయి ఏ వీసా అగును, దానితో ఏమి చేయవచ్చును?" అని రెండవ ప్రశ్న కూడ అడుగుడు. మొదటి ప్రశ్న అడిగినవారిని వందలుగా చూచితిని. రెండవది అడిగిన తండ్రులను వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును.

స్థిరనివాసపు గ్రీన్‌కార్డును గూర్చి విస్తరింపను. ఉద్యోగము మూలమున ఇచ్చునవి ఏడాదికి సుమారు 1,40,000. ఏ ఒక్క దేశమువారికిని నూటికి ఏడుకు మించి ఇయ్యరాదని నియమము. చిన్న దేశమునకును, నూట నలుబది కోట్ల మనకును అదే ఏడు. అందుచేత మనవారి వరుస దశాబ్దముల పొడవైనది. హెచ్-4 మీద పెరిగిన బిడ్డ ఇరువదియొక్క ఏడు నిండగానే తల్లిదండ్రుల నీడ దాటిపోవును. పుట్టిన నాటి నుండి ఎరుగని దేశమునకు తిరిగి రావలసిన స్థితి వచ్చిన యువకులు కలరు.

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల దశకమున అమెరికా పోయి చదివిరి. ఆనాటికి ఎఫ్ లేదు, హెచ్ లేదు. 1924 నాటి చట్టము విద్యార్థులను వలస సంఖ్య లెక్కింపులో చేర్చక విడిచినది. భారతీయులకు అక్కడి పౌరసత్వము లభించుటకు 1946 వరకు వేచియుండవలసి వచ్చినది. 1948లో ఆయన అచ్చటనే కన్నుమూసిరి. ఆయన పరిశోధనల ఫలమును లోకమంతయు అనుభవించినది.

సమయము మించినదని కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు. నేను తెచ్చిన సంచిలో, పేరు చెరిపివేసిన ఒక ఐ-20, ఒక డి.ఎస్.-2019, ఒక ఐ-94 నమూనా ప్రతులున్నవి. ఒక్కొక్క గడికి ఎదురుగా దాని అర్థము తెలుగున నా చేతితో వ్రాసితిని. ఏ తేది నాటి నియమమో అదియు ప్రక్కన వేసితిని. వానిని గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాను. పటము కట్టి గోడకు తగిలింపక, మేజా మీద పెట్టుడని కార్యవర్గమువారికి మనవి. మీ పిల్లల కాగితములు తెచ్చినవారు వానితో ఎదురెదురుగా పెట్టి చూచుకొనవచ్చును. నేను ఆదివారము మధ్యాహ్నము బండి వరకు ఊరిలోనే ఉందును. ఉదయము తొమ్మిది గంటల నుండి ఇదే అరుగు మీద కూర్చుందును.